మా అమ్మకు కూడా ఆ సినిమాలు తెలుగులో వినిపించండి
జపాన్ యానిమేషన్ సినిమాల గురించి ఒక మామూలు ప్రేక్షకుడి బహిరంగ లేఖ

జపాన్ యానిమేషన్ సినిమాలను మన దేశంలో విడుదల చేస్తున్న డిస్ట్రిబ్యూటర్లకు, ఓటీటీ సంస్థల బాధ్యులకు, తెలుగు రాష్ట్రాల థియేటర్ యాజమాన్యాలకు, డబ్బింగ్ రంగంలోని పెద్దలకు,

నమస్కారం.

నేను తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. సినిమాల మీద పెద్ద పరిజ్ఞానం ఉన్నవాణ్ని కాను. 2020 లాక్‌డౌన్‌లో మా అమ్మాయి పట్టుబట్టి ఒక జపాన్ బొమ్మల సినిమా చూపించింది. ఆ తర్వాత ఆదివారాలు ఒకటీ ఒకటీ చూస్తూ ఇప్పటికి పాతిక దాకా చూసి ఉంటాను. వాటిలో ఐదారు సినిమాలు మా ఇంట్లో మనుషుల్లా కలిసిపోయాయి. అన్నం తినేటప్పుడు కూడా వాటి మాటే వస్తుంది.

ఈ లేఖకు ముందు చేయాల్సినవి చేశాను. రెండు మెయిళ్లు పంపాను. ఒకసారి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఒక థియేటర్ మేనేజరు గారితో నిలబడి మాట్లాడాను. మెయిళ్లకు మీ అభిప్రాయం మాకు విలువైనది అని ఇంగ్లిష్‌లో జవాబు వచ్చింది. తర్వాత ఇంకేమీ రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

థియేటర్‌లో జరిగింది ముందు చెబుతాను. ఒక జపాన్ యానిమేషన్ సినిమా తెలుగులో వచ్చిందని తెలిసి, టికెట్ యాప్‌లో తెలుగు అని చూసి మూడు టికెట్లు కొన్నాను. మా ఊరి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున లేచి, అమ్మను, అమ్మాయిని తీసుకుని రైల్లో వెళ్లాను. తీరా లైట్లు ఆరాక బొమ్మలు ఇంగ్లిష్ మాట్లాడాయి. ఐదు నిమిషాలు చూసి బయటికొచ్చి మేనేజరు గారిని అడిగాను. ఆయన చిరాకు పడలేదు, మర్యాదగానే మాట్లాడారు. "బొమ్మల సినిమాయే కదండీ, భాషదేముంది? పెద్దావిడ బొమ్మలు చూస్తారు" అన్నారు. డబ్బులు వెనక్కి రాలేదు. లోపలికి వెళ్లి కూర్చున్నాం. అమ్మ రెండు గంటలూ కదలకుండా కూర్చుంది. తిరుగు రైల్లో "బొమ్మలు మంచిగున్నయి" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కథల గురించి మాట్లాడకుండా నిద్రపోని మనిషి ఆమె.

భాషదేముంది అన్న ఆ ప్రశ్నకు మా ఇంట్లో జరిగినవి జరిగినట్టు చెప్పడమే నా జవాబు. ఒక్కొక్కటిగా రాస్తాను, దయచేసి ఓపికగా చదవండి.

1. ఇంట్లో పెద్దవాళ్లు కథ బయటే ఆగిపోతున్నారు.

మా అమ్మకు 68 ఏళ్లు. మూడో తరగతి దాకా చదివింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లిష్ రాదు. ఒక ఆదివారం మేం 'ఓన్లీ యెస్టర్‌డే' పెట్టుకున్నాం. ఇసావో తకహాత 1991లో తీసిన సినిమా. ఫైట్లు లేవు, మాయలు లేవు. తయెకో అనే 27 ఏళ్ల ఆఫీసు ఉద్యోగిని టోక్యో నుంచి సెలవు పెట్టి యమగత ప్రాంతంలోని పల్లెకు పొలం పనికి వెళ్తుంది. వెళ్తూ తన ఐదో తరగతి రోజులు గుర్తు చేసుకుంటుంది. అంతే కథ.

రిమోట్ నా చేతిలో ఉంది. కింద ఇంగ్లిష్ అక్షరాలు పడగానే ఆపుతాను, అమ్మకు తెలుగులో చెబుతాను, మళ్లీ నడుపుతాను. ఆ లెక్కన రెండు గంటల సినిమాకు నాలుగు గంటలు పడుతుంది. తయెకో ఆ ఊరు చేరేసరికి ఇంకా తెల్లవారదు. స్టేషన్ నుంచి నేరుగా పొలానికే పోతారు. కొండల వెనక వెలుగు వస్తుంటే చేనంతా పసుపు, నారింజ రంగు పూలు. అమ్మ ముందుకు వంగి, "ఒరేయ్, గివి మన కుసుమలే గదరా!" అంది.

నిజమే, అవి కుసుమ పూలే. మా వైపు రబీలో నల్లరేగడి మీద వేసే కుసుమలు. మనం గింజ కోసం, నూనె కోసం పండిస్తాం. వాళ్లు పూరేకులు కోసి ఎర్ర రంగు తీస్తారు. నేను అది చెప్పేలోపే అమ్మ, "పొద్దుగాల మంచు మీదనే కోయాలె. ఎండెక్కితే ముల్లు చేతులను ఉంచదు" అంది. సరిగ్గా అదే సంగతిని తెర మీద తయెకో జపనీస్‌లో చెబుతోంది. నేను తర్జుమా చేయాల్సిన అవసరమే రాలేదు. చిన్నప్పుడు చేతులకు గుడ్డలు చుట్టుకుని కుసుమ కోతకు వెళ్లిన మనిషికి, ఆ చేనులో ఏం జరుగుతుందో ఆ సినిమా తీసినవాళ్లకు తెలిసినంతా తెలుసు.

ఆ తర్వాత తయెకో ఇంకో సంగతి చెబుతుంది. వెనకటి రోజుల్లో ఆ పూలు కోసిన పల్లెటూరి ఆడపిల్లలకు ముళ్లు గుచ్చుకుని రక్తం కారేదట. ఆ పూల నుంచి తీసిన ఎర్ర రంగును పెదవులకు పూసుకునే అదృష్టం మాత్రం ఆ పిల్లలకు ఉండేది కాదట. నేను సినిమా ఆపి ఇది చెప్పాను. అమ్మ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. "ముల్లు గుచ్చుకునేది ఒకరికి, పూసుకునేది ఒకరు" అంది.

అయ్యా, ఆ సినిమా అమెరికా థియేటర్లకు వెళ్లడానికే పాతికేళ్లు పట్టింది, 2016లో గానీ అక్కడ విడుదల కాలేదు. తెలుగు వాళ్ల వంతు ఎప్పుడని అడుగుతున్నాను. ఆ కథ ఎవరి చేతుల గురించో ఆ చేతులున్నవాళ్లకే అది అందడం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి, ప్రతి మాటకూ టీవీ ఆపి చెప్పే కొడుకులు ఎన్ని ఇళ్లలో ఉంటారు? నేనైనా నెలకు ఒకటి రెండు సినిమాలకే చెప్పగలుగుతున్నాను. మిగతా రోజుల్లో మేం చూస్తుంటే అమ్మ వంటింట్లో ఉండిపోతోంది.

2. తెలుగులో ఉన్న మాటలు ఇంగ్లిష్ దారిలో రాలిపోతున్నాయి.

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకూ ఇది నష్టమే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మకోతో షింకై 2016లో తీసిన 'యువర్ నేమ్' చూశారు కదా. కొండల్లోని పల్లెలో ఉండే మిత్సుహా, టోక్యోలో ఉండే తకీ ఒకరి ఒంట్లో ఒకరు నిద్ర లేస్తుంటారు. మిత్సుహా అమ్మమ్మ కొండ మీది గుడికి వెళ్లే దారిలో పిల్లలకు 'ముసుబి' అని ఒక మాట చెబుతుంది. ఆ ఊరి దేవుణ్ని పిలిచే పాత పేరు అది. దారాన్ని దారంతో కలిపితే అది ముసుబి. మనిషిని మనిషితో కలిపితే ముసుబి. కాలం సాగడం కూడా ముసుబే అంటుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఆ మాటను అలాగే వదిలేశారు. వాళ్లకు ఇంకో దారి లేదేమో. మనకు ఉంది. ముడి అంటాం. మూడు ముళ్లు, కొంగుముడి, బ్రహ్మముడి అంటాం. ఎవరికి ఎవరితో ముడి పడి ఉందో అంటాం. ఆ ముసలావిడ నోట ముడి అన్న ఒక్క మాట వినిపిస్తే మా అమ్మకు ఆ సినిమా మొత్తం చేతికి వచ్చేస్తుంది. నేను కష్టపడి చెప్పిన ఐదు వాక్యాలకు రానిది ఆ ఒక్క మాటకు వస్తుంది.

అదే సినిమాలో పొద్దుగూకే వేళ గురించి బడిలో టీచరమ్మ పాఠం చెబుతుంది. పగలూ కాదు, రాత్రీ కాదు. ఎదుటి మనిషి ఎవరో గుర్తు తెలియదు. మనిషి కానిది కూడా ఎదురుపడొచ్చు. కొండ మీద ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది ఆ కాసేపే. ఇంగ్లిష్‌లో అది ఉత్త సాయంత్రం. తెలుగులో దానికి అసురసంధ్య అని పేరుంది. ఆ వేళ నిద్రపోవద్దని, గడప మీద కూర్చోవద్దని, పసిపిల్లల్ని బయట తిప్పొద్దని చెప్పే అమ్మమ్మలు ఇంకా మన ఊళ్లలో ఉన్నారు.

హయావో మియాజకీ 2001లో తీసిన 'స్పిరిటెడ్ అవే' సంగతీ అంతే. ఆస్కార్ వచ్చిందని, బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ వచ్చిందని అందరికీ తెలుసు. చిహిరో అనే పదేళ్ల పిల్ల అమ్మానాన్నలతో దారి తప్పి ఒక ఖాళీ ఊరికి చేరుతుంది. అక్కడ ఎవరూ లేని దుకాణంలో వేడివేడి వంటలు పెట్టి ఉంటాయి. అమ్మానాన్నలు ఆబగా తినేసి పందులైపోతారు. ఆ సీను దగ్గర నేనింకా సినిమా ఆపలేదు, మా అమ్మే అంది: "దేవునికి పెట్టకముందే ముట్టిండ్రు గద." అది దేవుళ్లు వచ్చి స్నానాలు చేసే ఊరని, ఆ తిండి ఆ దేవుళ్ల కోసం పెట్టిందని కథలో తర్వాత తెలుస్తుంది. నైవేద్యం అనే మాట ఉన్న ఇంట్లో ఆ తప్పేంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో అక్కడ కనిపించేది తిండి మాత్రమే.

ఆ స్నానాల ఇంటికే ఒక రోజు ఒళ్లంతా బురదతో, భరించలేని కంపుతో ఒక దేవుడు వస్తాడు. అందరూ ముక్కులు మూసుకుంటారు. చిహిరో అతని పక్కలో దిగబడిన ఒక ముల్లు లాంటిది పట్టుకుంటుంది. అందరూ కలిసి తాడు కట్టి లాగితే సైకిల్ బయటికొస్తుంది, దాని వెనకే గుట్టలకొద్దీ చెత్త వస్తుంది. చెత్త పోయాక తెలుస్తుంది, అతను ఒక నది అని. మియాజకీ తన ఇంటి దగ్గరి వాగును శుభ్రం చేయడానికి దిగినప్పుడు నిజంగానే సైకిల్ దొరికిందని, ఆ సీను అక్కడి నుంచే వచ్చిందని చెప్పారు. మా అమ్మాయి వెంటనే "నాన్నా, ఇది మూసీ" అంది. మూసీ మా వికారాబాద్ జిల్లాలోనే, అనంతగిరి కొండల్లో పుడుతుంది. అక్కడ ఊట నీళ్లు తేటగా ఉంటాయి. హైదరాబాద్ వంతెన మీద బస్సు పోతుంటే అదే మూసీకి ముక్కు మూసుకుంటాం. ఈ సీను తెలుగు మాటలతో ఒక్కసారి మూసీ ఒడ్డున ఉన్న బడి పిల్లలకు చూపించి చూడండి.

జపనీస్ నుంచి ఇంగ్లిష్‌కు, ఇంగ్లిష్ నుంచి నా నోటి తెలుగుకు వచ్చేసరికి సగం పోతోంది. జపనీస్ నుంచి తిన్నగా తెలుగుకు వస్తే ఇంత పోదు. రెండు భాషల్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. రెండింటిలోనూ పెద్దలతో మాట్లాడే తీరు వేరు, చిన్నవాళ్లతో తీరు వేరు. మీరు, నువ్వు తేడా లేని ఇంగ్లిష్‌ను మధ్యలో పెట్టుకోవడం వల్ల, తెలుగులో తేలిగ్గా నిలబడే మర్యాదలు కూడా పోతున్నాయి.

3. బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమా అనుకుని పసివాళ్లకు పెట్టేస్తున్నారు.

1988 ఏప్రిల్ 16న జపాన్‌లో ఒకే టికెట్ మీద రెండు సినిమాలు విడుదలయ్యాయి. ఒకటి మియాజకీ తీసిన 'మై నైబర్ టోటోరో'. రెండోది తకహాత తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. రెండూ ఒకే స్టూడియోవి. రెండింటిలోనూ ఇద్దరేసి తోబుట్టువులే.

మొదటిది ఏ వయసు వాళ్లకైనా పెట్టొచ్చు. తల్లి ఆసుపత్రిలో ఉంటుంది. నాలుగేళ్ల మే, తాజా కూరగాయలు తింటే అమ్మకు తగ్గిపోతుందని పక్కింటి ముసలమ్మ చెప్పిన మాట పట్టుకుని, ఒక మక్క కంకిని గుండెకు హత్తుకుని ఒంటరిగా ఆసుపత్రికి బయల్దేరుతుంది. మా ఇంట్లో ఆ కంకి సీను ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు.

రెండోది అలా కాదు. 1945లో కోబె నగరం మీద అమెరికా విమానాలు నిప్పు బాంబులు వేస్తాయి. తల్లి కాలిన గాయాలతో చనిపోతుంది. సెయిత అనే పిల్లవాడు నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకోను వెంటేసుకుని తిరుగుతాడు. చుట్టాలావిడ ఇంట్లో మాటలు పడతారు, గంజి కూడా లెక్కపెట్టి పోస్తారు. చివరికి ఒక పాడుబడ్డ గుంతలో ఉంటారు. చక్కెర బిళ్లల డబ్బా ఖాళీ అయ్యాక చెల్లెలు గోళీకాయ చప్పరిస్తుంది. మట్టితో అన్నం ముద్దలు చేసి అన్నకు పెడుతుంది. ఆ కథ రాసిన అకియుకి నొసాక యుద్ధంలో తన చిన్నారి చెల్లెల్ని ఆకలికి పోగొట్టుకున్న మనిషి. నాకు ఈ సినిమాలన్నింటిలో గొప్పది అదే అనిపిస్తుంది. కానీ రెండోసారి చూసే ధైర్యం చేయలేదు.

మా వీధిలో ఒకరు తమ ఆరేళ్ల బాబుకు ఈ సినిమా పెట్టి పనిలోకి వెళ్లారు. పోస్టర్ మీద ఇద్దరు పిల్లలు, మిణుగురులు. వివరాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఆ ఇంట్లో ఎవరికీ ఇంగ్లిష్ రాదు. బాబుకు మాటలు అర్థం కాకపోయినా కట్లు కట్టిన తల్లి కనిపించింది, లేవని చెల్లెలు కనిపించింది. రెండు రాత్రులు వాళ్లమ్మ కొంగు వదలలేదు. ఇందులో ఆ తల్లిదండ్రుల తప్పు ఎంతుంది? ఓటీటీలకు 2021 నిబంధనల్లోనే వయసుల వర్గాలు ఉన్నాయి. థియేటర్ సినిమాలకు కూడా 2023లో చట్టం సవరించి యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని విడదీశారు. ఆ అంకె ఒక మూల చిన్నగా ఉంటే సరిపోదు. ఎందుకు ఆ అంకె వేశారో తెలుగులో ఒక్క వాక్యం ఉండాలి.

4. వినిపించని వాళ్ల గురించిన సినిమా కూడా వాళ్లకు చేరడం లేదు.

నావోకో యమద 2016లో తీసిన 'ఎ సైలెంట్ వాయిస్'లో షోకో అనే అమ్మాయికి చెవులు వినిపించవు. కొత్తగా చేరిన బడిలో షోయా అనే పిల్లవాడు ఆమె వినికిడి మిషన్లు లాగి పారేస్తాడు. ఆమె మాట్లాడుకోవడానికి తెచ్చుకున్న నోట్‌బుక్‌ను నీళ్లలో పడేస్తాడు. ఏళ్లు గడిచాక సైగల భాష నేర్చుకుని ఆమెను వెతుక్కుంటూ వస్తాడు. ఒక చోట షోకో ధైర్యం చేసి సైగలు మాని నోటితో 'సుకి' అంటుంది, ఇష్టం అని. అతనికి 'త్సుకి' అని వినిపిస్తుంది, అంటే చందమామ. అతను ఆకాశం వైపు చూసి, అవును, బాగుంది అంటాడు. ఆ పిల్ల ముఖం ఎర్రబారి పరుగెత్తిపోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదివి మేం అక్కడ ఏం జరిగిందో తెలియక ముఖాలు చూసుకున్నాం. మా అమ్మాయి తర్వాత వెతికి చెబితే తెలిసింది. ఇలాంటి చోట మంచి తెలుగు రచయిత కూర్చుని ఒక పూట ఆలోచిస్తే ఏదో ఒక మాట దొరకదా?

నా మేనల్లుడికి పుట్టుకతోనే వినిపించదు. పదో తరగతి చదువుతున్నాడు, తెలుగు చకచకా చదువుతాడు. నా దగ్గర కూర్చుని ఈ సినిమా చూసి, షోకో చేతుల వైపు చూపించి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మిగతా వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వాడికి నేను కాగితం మీద రాసి చూపించాను. కాగితం చూస్తే తెర పోతుంది, తెర చూస్తే కాగితం పోతుంది. సగంలో పెన్ను తీసి పక్కన పెట్టేశాడు. వినికిడి, చూపు లోపం ఉన్నవారికి సినిమా హాళ్లలో ఉండాల్సిన ఏర్పాట్ల మీద కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బింగ్ చేసినా సరే, దాంతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఎందుకు కావాలో మా వాణ్ని చూస్తే తెలుస్తుంది.

5. చిన్న ఊళ్ల వాళ్లకు ఆటే దొరకడం లేదు.

తెలుగు ఆట ఉంటే తెల్లవారుజామున, లేదంటే రాత్రి పది దాటాక. అదీ హైదరాబాద్ లాంటి నగరాల్లో. పిల్లల్ని, పెద్దల్ని తీసుకుని ఆ వేళకు ఎవరు వెళ్లగలరు? ఖాళీ కుర్చీలు చూసి తెలుగుకు డిమాండ్ లేదని రాసుకుంటారు. మ్యాట్నీకి ఒక్క ఆదివారం వేసి చూశాక ఆ మాట అంటే ఒప్పుకుంటాను.

6. దొంగ కాపీల వైపు పిల్లల్ని మనమే తోస్తున్నాం.

మా అమ్మాయి క్లాసులో పిల్లలు ఎవరో అభిమానులు సొంతంగా తెలుగు అక్షరాలు వేసిన కాపీలు ఫోన్లలో పంచుకుంటున్నారు. అది తప్పని మా అమ్మాయికి చెప్పాను. మరి సరైన దారిలో తెలుగులో ఎక్కడ దొరుకుతుందని అడిగింది. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మార్కెట్ లేదనే మాట నేను చాలాసార్లు విన్నాను. అందుకని జరిగినవి కొన్ని మీ ముందు పెడుతున్నాను. 2019లో షింకై సినిమా 'వెదరింగ్ విత్ యూ'ను మన థియేటర్లలో వేయాలని 50 వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. అక్టోబర్ 11న విడుదలైంది, షింకై స్వయంగా ఢిల్లీ వచ్చారు. జపాన్, భారత్ కలిసి 1993లో తీసిన యానిమేషన్ రామాయణం 2025 జనవరి 24న హిందీ, తమిళంతో పాటు తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగులో కూడా వచ్చింది. పిల్లల చానెళ్లలో డోరేమాన్ తెలుగు మాట్లాడుతూనే ఉంది. అంటే చేతకాక కాదు. కత్తులు దూసే సినిమాలకు, పిల్లల సీరియళ్లకు చేస్తున్న పని, కుసుమ చేను గురించి, మక్క కంకి గురించి చెప్పే నెమ్మది సినిమాలకు చేయడం లేదు. కత్తుల సినిమాలంటే నాకు చిన్నచూపు లేదు, మా అమ్మాయికి ప్రాణం. నెమ్మది సినిమాలకు కూడా ఒక వంతు ఇవ్వమంటున్నాను.

ఇంకో సంగతి. మన 'ఆర్ఆర్ఆర్' 2022 అక్టోబర్ 21న జపాన్‌లో విడుదలై ఏడాదికి పైగా ఆడింది. సబ్‌టైటిల్స్‌తో బాగా ఆడుతున్నా, 2023 జులైలో జపనీస్ డబ్బింగ్ కూడా చేశారు. ఎందుకు? చదవలేని పిల్లలు, పెద్దలు కూడా చూస్తారని కదా. 2024 జనవరిలో అన్ని వేషాలూ స్త్రీలే వేసే తకరజుకా బృందం దాన్ని రంగస్థలం మీద ఆడింది. తెలుగు కథను జపాన్ వాళ్లు అంత ఇష్టంగా తమ భాషలోకి తెచ్చుకున్నారు. వాళ్ల కథను మనం మన భాషలోకి తెచ్చుకోవడానికి వెనకాడటం నాకు బాధగా ఉంది.

నా డిమాండ్లు ఇవి.

ఒకటి. ఓటీటీల్లో ఉన్న జపాన్ యానిమేషన్ సినిమాలన్నిటికీ ముందు తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వండి. డబ్బింగ్‌తో పోలిస్తే ఖర్చు తక్కువ. ఆరు నెలల్లో ఏయే సినిమాలకు ఇస్తారో ఒక జాబితా ప్రకటించండి.

రెండు. చదవలేని వాళ్ల కోసం ఏడాదికి కనీసం నాలుగు సినిమాలకైనా తెలుగు డబ్బింగ్ చేయించండి. అవి ఫైట్ల సినిమాలే కాకుండా చూడండి. నన్ను అడిగితే మొదట 'టోటోరో', తర్వాత 'ఓన్లీ యెస్టర్‌డే'.

మూడు. తర్జుమా జపనీస్ నుంచి తిన్నగా చేయించండి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ నేర్పుతున్నారు. అక్కడ చదివినవాళ్లను, ఒక తెలుగు రచయితను కలిపి కూర్చోబెట్టండి. డబ్బింగ్ రచయిత పేరు, గొంతులు ఇచ్చిన ఆర్టిస్టుల పేర్లు తెర మీద వేయండి.

నాలుగు. పల్లెటూరి ముసలమ్మకు పల్లెటూరి తెలుగు ఇవ్వండి. తెలంగాణ యాస గానీ, ఉత్తరాంధ్ర యాస గానీ, సీమ యాస గానీ నవ్వించడానికి వాడేది కాదు. 'యువర్ నేమ్'లో అమ్మమ్మ జపనీస్‌లోనూ టోక్యో భాష మాట్లాడదు, తన కొండ ప్రాంతం యాసే మాట్లాడుతుంది.

ఐదు. థియేటర్ యాజమాన్యాలకు: టికెట్ మీద ఏ భాష ఉంటే ఆ భాషే వేయండి. మారితే ఆట మొదలయ్యే ముందే చెప్పండి, అడిగినవాళ్లకు డబ్బులు వెనక్కివ్వండి. జిల్లా కేంద్రాల్లో, మా తాండూరు లాంటి పట్టణాల్లో ఆదివారం ఒక్క మ్యాట్నీ ఇవ్వండి.

ఆరు. వయసు అంకెను, దాని కారణాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. బొమ్మలున్నాయి కదా అని ప్రతిదాన్నీ పిల్లల విభాగంలో చేర్చకండి.

ఏడు. తెలుగు డబ్బింగ్ ఉన్న ప్రతి సినిమాకూ తెలుగు అక్షరాలు కూడా పెట్టండి, వినిపించని వాళ్ల కోసం.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా ఒక మాట. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం ఏళ్ల తరబడి హైదరాబాద్‌లోనే జరిగింది. 2017లో 20వ ఉత్సవం ఇక్కడే చేశారు. అలాంటి వేదిక మీద ఈ సినిమాలను తెలుగు మాటలతో వేసి, జిల్లాల బడులకు కూడా తీసుకెళ్లే ఆలోచన చేయండి.

తోటి ప్రేక్షకులకు: తెలుగు ఆట వేసిన రోజున దయచేసి వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఈ లేఖలోని డిమాండ్లు మీవి కూడా అనిపిస్తే మీ మాటల్లో మీరూ ఒక మెయిల్ పంపండి. 2019లో ఆ సంతకాలు పెట్టింది కూడా మనలాంటి వాళ్లే.

వచ్చే ఉగాదిలోగా మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. తెలుగులో రాస్తే అమ్మకు చదివి వినిపిస్తాను. ఆమె ప్రస్తుతం 'ఓన్లీ యెస్టర్‌డే' మళ్లీ పెట్టమంటోంది. ఆ పిల్ల పల్లెలోనే ఉండిపోయిందా, పట్నం పోయిందా అన్నది తనకు సరిగా అర్థం కాలేదట. సినిమా చివర పాట వస్తున్నప్పుడు మాటలుండవు, బొమ్మలే కథ చెబుతాయి. ఆ పాటలో ఏముందో కూడా చెప్పమంటోంది. నాకు చెప్పడం రావడం లేదు.

ఇట్లు,
తాండూరు నుంచి
ఒక ప్రేక్షకుడు